విదేశాల్లో సెక్యూరిటీ కాంట్రాక్టర్‌కి 3ఏ బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ ఒక్కటే సరిపోతుందా, అందులో పెట్టే గట్టి ప్లేట్లు కూడా కావాలా?

అవతలి వాళ్ల చేతిలో రైఫిల్ ఉండే చోటైతే సరిపోదు. 3ఏ అంటే మెత్తటి వెస్ట్, అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థ ఎన్ఐజే ప్రమాణంలో అది .44 మాగ్నమ్ దాకా పిస్టల్ తూటాల్నే ఆపుతుంది, ఏకే తూటా దాన్ని చీల్చుకుని పోతుంది. అందుకే ముందూ వెనకా ప్లేట్లు. లెవెల్ 3 ప్లేట్ 7.62×51 మి.మీ. మామూలు రైఫిల్ తూటాకి, లెవెల్ 4 అయితే కవచాన్ని ఛేదించే .30-06 తూటాకి కూడా. 2023లో వచ్చిన కొత్త ప్రమాణంలో 3ఏ, లెవెల్ 3, లెవెల్ 4లనే వరసగా హెచ్‌జీ2, ఆర్ఎఫ్1, ఆర్ఎఫ్3 అంటున్నారు, కొనేటప్పుడు కంగారు పడకండి.

అసలు చాలామంది తప్పు చేసేది ప్లేట్ ఎక్కడ పెట్టుకోవాలి అనే దగ్గర. ప్లేట్ పై అంచు గొంతు కింద గుంట దగ్గరికి రావాలి, ఎందుకంటే అది కాపాడాల్సింది గుండెనీ ఊపిరితిత్తుల్నీ, పొట్టని కాదు. కిందికి వేలాడేసుకుంటే బరువు మోయడం తప్ప పెద్దగా లాభం లేదు. సిరామిక్ ప్లేట్ కింద పడితే పైకి కనిపించని పగుళ్లు రావచ్చు, కాబట్టి సెకండ్ హ్యాండ్‌వి నేనైతే ముట్టను. వెస్ట్ లోపలి మెత్తటి ప్యానెళ్లకి వారంటీ సాధారణంగా 5 ఏళ్లు, లేబుల్ మీద తేదీ చూడండి.

హెల్మెట్ మీద మరీ భరోసా వద్దు, ఎక్కువ హెల్మెట్లని తయారు చేసేది పేలుడు శకలాల్నీ పిస్టల్ తూటాల్నీ ఆపడానికే. టూర్నికే (రక్తస్రావం ఆపడానికి చెయ్యికో కాలికో బిగించే పట్టీ) మాత్రం రెండు చేతులకీ అందేలా పెట్టుకోండి.

ఇంకోటి, అమెరికా నుంచి కవచం పట్టుకెళ్లడానికి ఎగుమతి నియమాలు వర్తిస్తాయి, అలాగే దిగే దేశంలో అనుమతి ఉందో లేదో కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.