ఇంటి దగ్గరే చదివింది సరే, కాలేజీలో సీటు ఇస్తారా?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్ళు. ఆరో తరగతి మధ్యలో స్కూల్ మాన్పించి ఇంటి దగ్గరే చదివిస్తున్నాం. ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో. ఇప్పుడు టెన్త్ సర్టిఫికెట్ కోసం ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ బోర్డు) తీసుకోవాలా, కేంబ్రిడ్జా (బ్రిటన్ బోర్డు), లేక అమెరికన్ ఆన్‌లైన్ హైస్కూల్ డిప్లొమానా తేల్చుకోలేకపోతున్నాం. ఆన్‌లైన్ వాళ్ళు ఈ నెలలో చేరితే ఫీజు తగ్గిస్తామంటున్నారు. అమ్మాయికి పురుగులన్నా సీతాకోకచిలుకలన్నా పిచ్చి. మాకేమో డాక్టర్ని చేయాలని ఉంది. మా బావగారు కనపడిన ప్రతిసారీ పిల్ల జీవితం పాడుచేశారు అంటున్నారు. మూడింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు మీ బావగారి సంగతి చూద్దాం. మీరు అడిగింది బోర్డు గురించే అయినా మీ టెన్షన్‌లో సగం ఆయన పెట్టిందే. ఇలాంటి ప్రశ్నలు నాకు చాలా వస్తాయి. బావగారి చోట ఒకరింట్లో అత్తగారు ఉంటారు, ఇంకొకరికి పక్క ఫ్లాట్ ఆవిడ ఉంటుంది, లోపలి భయం మాత్రం ఒకటే: రేపు ఎక్కడా సీటు రాకపోతే అందరూ నన్నే అంటారు కదా అని. పిల్ల జీవితం ఏమీ పాడవలేదు. ఆ వయసులో స్కూల్‌కి వెళ్ళే పిల్లల దగ్గర మాత్రం ఏముంటాయి, ప్రోగ్రెస్ కార్డులు తప్ప? ఎన్‌ఐఓఎస్ టెన్త్‌కి 14 ఏళ్ళు నిండితే చాలు, ఇంటర్ స్థాయికి 15. మీరు ఆలస్యం చేయలేదు, సరిగ్గా టైముకే అడిగారు.

ఇక బోర్డులు. సీబీఎస్‌ఈకి ప్రైవేటుగా ఫీజు కట్టేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఇంట్లో చదివే మీ అమ్మాయి లాంటి వాళ్ళకి ఆ దారి లేదు. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా కూడా ఐబీ స్కూల్లో చేరితేనే.

ఎన్‌ఐఓఎస్ 1989లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఓపెన్ బోర్డు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఒకసారి రిజిస్టర్ అయితే ఐదేళ్ళ గడువు, ఆ లోపు తొమ్మిది అవకాశాలు. తెలుగులో కూడా రాయొచ్చు. పుస్తకాలు అద్భుతంగా ఉంటాయని నేను చెప్పను, పక్కన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పెట్టుకోవాల్సిందే. కానీ ఆ సర్టిఫికెట్ మన దేశంలో చెల్లుతుందా అన్న ప్రశ్నే లేదు. జేఈఈ మెయిన్‌కి ఐదు సబ్జెక్టులతో పాసైన ఎన్‌ఐఓఎస్ వాళ్ళు అర్హులే. ఓపెన్ స్కూల్ వాళ్ళు నీట్ రాయకూడదన్న పాత నిబంధనను 2018లోనే ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసులో కూడా గుర్తింపు ఉన్న ఓపెన్ బోర్డుల పిల్లలకు అర్హత ఉందనే తేలింది. "ఓపెన్ టెన్తా?" అని మూతి విరిచే చుట్టాలు ఉంటారు. విరవనివ్వండి.

కేంబ్రిడ్జ్ సిలబస్ మంచిది, అందులో నాకు అనుమానం లేదు. బ్రిటిష్ కౌన్సిల్ ద్వారా ప్రైవేటుగా పరీక్షలు రాయొచ్చు. కాకపోతే ఫీజు సబ్జెక్టుకి ఇంత అని కడుతూ పోవాలి, పై స్థాయి సైన్స్‌కి ల్యాబ్ ప్రాక్టికల్స్ ఉంటాయి, బయటి పిల్లలకు ల్యాబ్ ఇచ్చే సెంటర్ వెతుక్కోవడం మీ పనే అవుతుంది. ఆ తర్వాత ఇక్కడి కాలేజీలకి ఈక్వివలెన్స్ కాగితాలు, అంటే ఆ చదువు మన ప్లస్ టూతో సమానమే అని చెప్పేవి. డిగ్రీకి విదేశాలకే పంపాలని గట్టిగా అనుకుంటే తీసుకోండి. మీ ప్రశ్నలో విదేశం మాటే లేదు కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తున్నా.

ఆ అమెరికన్ ఆన్‌లైన్ డిప్లొమా దగ్గర మాత్రం నేను కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ మధ్య అడిగేవాళ్ళంతా దీని గురించే అడుగుతున్నారు. "అక్రెడిటెడ్" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఎవరు ఇచ్చారు ఆ గుర్తింపు? అమెరికాలో ఏదో ఏజెన్సీ ఇచ్చి ఉండవచ్చు, అది నిజమే కావచ్చు కూడా, కానీ ఆ కాగితం మన ప్లస్ టూతో సమానమా కాదా అని ఇక్కడ చెప్పాల్సింది ఏఐయూ, అంటే విశ్వవిద్యాలయాల సంఘం. దేశంలోని బోర్డుల జాబితా అయితే కాబ్సీ (స్కూల్ బోర్డుల మండలి) దగ్గర ఉంటుంది. డబ్బు కట్టే ముందు ఒకే మాట అడగండి: మీ దగ్గర చదివిన పిల్లల్లో ఎవరికైనా ఏఐయూ ఇచ్చిన ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ ఉంటే పేరు కొట్టేసి చూపించండి అని. చూపించలేకపోతే అక్కడితో మాట ముగించండి. ఇంకో తమాషా ఏమిటంటే, అమెరికాలో చాలా యూనివర్సిటీలు హోమ్‌స్కూల్ పిల్లలను తల్లిదండ్రులు తయారుచేసిన ట్రాన్‌స్క్రిప్ట్‌తోనే (చదివిన సబ్జెక్టులు, మార్కుల పట్టిక) చూస్తాయి, శాట్ (అక్కడి కాలేజీ ప్రవేశాలకు చూసే పరీక్ష) స్కోరు లాంటివి పక్కన ఉంటే సరిపోతుంది. అక్కడికి వెళ్ళడానికి ఆ డిప్లొమా తప్పనిసరి కాదు, ఇక్కడ చెల్లుతుందన్న నమ్మకం లేదు, మరి మీరు కట్టేది దేనికి?

ఈ ఆన్‌లైన్ వాళ్ళ సెమినార్లలో ఒక కథ తప్పకుండా వినిపిస్తుంది. టెన్త్, ట్వెల్త్ ఏదీ లేకుండానే 2016లో ఒక ముంబై అమ్మాయి ఎంఐటీలో చేరింది కదా అని. చేరింది, నిజమే. కానీ ఆ అమ్మాయికి అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు ఉన్నాయన్నది, ట్వెల్త్ సర్టిఫికెట్ లేదు కాబట్టి మన ఐఐటీల్లో చేరే దారే లేకపోయిందన్నది సగం మంది చెప్పరు. ఆ కథ నుంచి మీరు తీసుకోవాల్సింది రెండో సగమే.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. పిల్ల తనకి ఇష్టమైనది చదువుకోవాలనే కదా బడి మాన్పించారు, మరి పురుగుల మీద పిచ్చి ఉన్న పిల్లను డాక్టర్ చేయాలని ఎందుకు కూర్చున్నారు? బడి మాన్పించే ధైర్యం చేసినవాళ్ళు, బంధువుల దగ్గర చెప్పుకోవడానికి ఎంబీబీఎస్ కావాలంటే ఆ ధైర్యానికి అర్థం ఏముంది? ఎంటమాలజీ అని పురుగుల గురించే ఒక శాస్త్రం ఉంది, దాని కోసం వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఏకంగా ఒక విభాగం ఉంటుంది. అలాంటి విశ్వవిద్యాలయం ఉన్న రాజేంద్రనగర్ మీ ఇంటి నుంచి ఎంత దూరం? బీఎస్సీ అగ్రికల్చర్‌కి ఎప్‌సెట్ (రాష్ట్ర ప్రవేశ పరీక్ష) రాస్తే చాలు. లేదంటే తిరుపతిలో ఐసర్ (సైన్స్ చదువులకు, పరిశోధనకు కేంద్ర సంస్థ) ఉంది, గుర్తింపు ఉన్న బోర్డులో సైన్స్‌తో ట్వెల్త్ పాసై, 60 శాతం తెచ్చుకుని (ఎస్సీ, ఎస్టీలకు 55), వాళ్ళ ప్రవేశ పరీక్ష ఐఏటీలో ర్యాంకు తెచ్చుకోవాలి. ఒక జాగ్రత్త: ఐఏటీలో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మేథ్స్ నాలుగింటికీ సమాన మార్కులు. అందుకని బైపీసీ అనుకున్నా లెక్కలు వదలకండి. ఎన్‌ఐఓఎస్‌లో సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు కదా అని టెన్త్‌లోనే మేథ్స్ తీసేసి, రెండేళ్ళ తర్వాత లబోదిబోమనే వాళ్ళను చాలామందిని చూశాను.

మీరు అడగనిది ఇంకొకటి ఉంది, అసలు ఇబ్బంది పెట్టేది అదే. లోకల్ కోటా, అంటే స్థానిక విద్యార్థులకు కేటాయించిన సీట్లు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం క్వాలిఫయింగ్ పరీక్షకు (ఇక్కడ ట్వెల్త్) ముందు వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది చూస్తారు. కౌన్సెలింగ్‌లో స్టడీ సర్టిఫికెట్లు పెట్టమంటారు, మీ అమ్మాయికి అవి ఉండవు. ఆ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవని వాళ్ళు అక్కడే నివాసం ఉన్నట్టు చూపించవచ్చని అదే ఉత్తర్వుల్లో ఉంది. కాబట్టి నివాస ధ్రువపత్రం తహసీల్దార్ ఆఫీసు నుంచి తీసుకోవాలి, మీసేవలో దరఖాస్తు పెట్టొచ్చు. అద్దె ఇల్లయితే అగ్రిమెంట్లు, కరెంటు బిల్లులు, ఆధార్ మీద అడ్రస్ ఇవన్నీ ఇప్పటి నుంచే ఒక ఫైల్లో పెట్టండి. మెడికల్ సీట్లకి ఈ లోకల్ నిబంధనలు ఈ మధ్య మారుతూ వస్తున్నాయి, అటు వెళ్తే ఆ ఏటి నోటిఫికేషనే చూసుకోవాలి.

అలాగే టెన్త్ పాసైన రెండేళ్ళ వరకు ఎన్‌ఐఓఎస్ ట్వెల్త్ సర్టిఫికెట్ ఇవ్వదు. పిల్ల చురుకైంది, ఏడాదిలో రెండూ చేయించేద్దాం అనే ఆలోచన ఉంటే మానుకోండి. టెన్త్ వచ్చే ఏడాదికి, ట్వెల్త్ ఆ తర్వాత రెండేళ్ళకి, అంటే పదిహేడేళ్ళకల్లా తోటి పిల్లలతో పాటే కాలేజీ గేటు దగ్గర ఉంటుంది. నీట్‌కి కూడా ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండి ఉండాలి కాబట్టి తొందరపడి మీకు వచ్చేదేమీ లేదు.

నేనైతే ఎన్‌ఐఓఎస్‌కి కట్టి, మిగిలిన డబ్బులో కొంత పెట్టి ప్రాక్టికల్స్‌కి ఒక మంచి ల్యాబ్ చూసుకోమంటాను. ఇంట్లో చదివిన పిల్లలు నాకు తెలిసి తెలివిలో వెనకబడరు, వెనకబడేది రాయడంలో. మూడు గంటలు కదలకుండా కూర్చుని చేత్తో రాసే అలవాటు వాళ్ళకి ఉండదు, తెలిసిన జవాబు కూడా సగంలో వదిలేసి వస్తారు. వారానికొక పాత పేపర్ గడియారం పెట్టి రాయించండి. మీరు దిద్దకండి, అమ్మలు అర మార్కు వేయాల్సిన చోట రెండు వేస్తారు. వీధిలో ట్యూషన్ చెప్పే మాస్టారెవరైనా ఉంటే ఆయనకివ్వండి.