స్పైరులినా వేసుకుంటే ఐరన్, బి12 మందులు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 36. పూర్తి శాకాహారిని. కొంతకాలంగా ఆయాసం, అరికాళ్లలో తిమ్మిర్లు. పరీక్షల్లో హిమోగ్లోబిన్ 9.4, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వల కొలత) 8, విటమిన్ బి12 148 వచ్చాయి. రోజుకు ఆరు స్పైరులినా మాత్రలు వేసుకుంటే ఐరన్, బి12 రెండూ అందుతాయని, మేడ మీద తొట్టిలో కూడా పెంచుకోవచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు. మందుల బదులు ఇది వాడొచ్చా?

జవాబు: మందుల బదులు మాత్రం వద్దు. మీ తిమ్మిర్లకు బి12 లోపమే కారణం కావచ్చు. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం కొంత అలాగే మిగిలిపోతుంది.

స్పైరులినాను నాచు అంటున్నాం గానీ, అది సయనోబ్యాక్టీరియా (ఎండతో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా) జాతి. అందులోని బి12లో ఎక్కువ భాగం 'సూడో బి12'. చూడ్డానికి బి12 లాంటిదే, మన ఒంటికి మాత్రం పనికిరాదు. సూక్ష్మజీవుల పెరుగుదలను బట్టి కొలిచే పాత పరీక్షలో ఇది కూడా బి12 లెక్కలోకే వస్తుంది. కొన్ని డబ్బాల మీద ఆ అంకె ఘనంగా కనిపించేది అందుకే.

ఇక ఐరన్. 500 మి.గ్రా. మాత్రలు ఆరంటే 3 గ్రాములు. అందులో ఐరన్ సుమారు 1 మి.గ్రా. చికిత్సకు ఇచ్చే మాత్రలో 60 నుంచి 100 మి.గ్రా. ఉంటుంది. ప్రొటీన్ 60 శాతమన్న ప్రచారం అబద్ధం కాదు, కానీ 3 గ్రాముల్లో 60 శాతమంటే 2 గ్రాముల లోపే. ఒక గ్లాసు పాలు తాగితే అంతకు మూడింతలు వస్తుంది.

ఐరన్ మాత్ర రోజుకొకటి, కడుపులో మంటగా ఉంటే రోజు విడిచి రోజు, నిమ్మరసంతో వేసుకోండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలకు రెండు గంటల ఎడం ఉండాలి. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు కొనసాగించాలి, లేకపోతే నిల్వలు నిండవు. మన దగ్గర దొరికే ఐరన్ మాత్రల్లో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ కలిపి ఉంటుంది. బి12 ఇవ్వకుండా అదొక్కటే వాడితే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల్లోపల దెబ్బతింటూనే ఉంటాయి. తిమ్మిర్లున్నాయి కాబట్టి ముందు బి12 ఇంజెక్షన్ల కోర్సు అవసరం కావచ్చు. దాన్ని మీ డాక్టర్ పరీక్షించి నిర్ణయిస్తారు.

తొట్టి పెంపకం సంగతి. స్పైరులినాకు విత్తనాలు, సిద్ధబీజాలు ఉండవు. స్ప్రింగులా మెలితిరిగిన పోగులో అక్కడక్కడా ఒక కణం చనిపోతుంది, పోగు అక్కడ తెగుతుంది, ఆ ముక్కే కొత్త పోగవుతుంది. అందుకే పాత తొట్టి నీళ్లే కొత్త తొట్టికి విత్తు. పాతదాంట్లో వేరే జీవి చేరితే అదీ వెంట వస్తుంది. వాటిని రానివ్వకుండా నీటిని బాగా క్షారంగా, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 నుంచి 10.5 మధ్య ఉంచాలి. దానికి 10 లీటర్లకు సుమారు 160 గ్రాముల వంటసోడా, ఇతర లవణాలు పడతాయి. పీహెచ్ తగ్గితే వేరే నాచులు చొరబడతాయి. వాటిలో మైక్రోసిస్టిస్ అనే విషపు నాచు ఉంటే దాని విషం (మైక్రోసిస్టిన్) కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మరిగించినా పోదు. ఎండ ముదిరి నీళ్లు 40 డిగ్రీలు దాటితే పోగులు చితికి, నీలి రంగు నీళ్లలోకి దిగుతుంది. అలాంటి పంటను పారబోయండి. మైక్రోస్కోపు, పీహెచ్ మీటరు లేకుండా ఇంట్లో పెంచింది తినమని నేను చెప్పను. చెరువు నాచు సంగతైతే అడగనే వద్దు.

మందులకు తోడుగా వేసుకుంటానంటే, మైక్రోసిస్టిన్, సీసం, ఆర్సెనిక్ పరీక్షల రిపోర్టు చూపించే కంపెనీది రోజుకు 1 నుంచి 3 గ్రాములు చాలు. లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే దాడి చేసేవి) ఉన్నవారు, ఫినైల్‌కీటోన్యూరియా (ప్రొటీన్‌లోని ఫినైల్‌అలనిన్‌ను ఒళ్లు వాడుకోలేని పుట్టుక జబ్బు) ఉన్నవారు వాడకూడదు. గర్భం కోసం ప్రయత్నిస్తుంటే ఆపేయండి.

నెలసరిలో రక్తస్రావం ఏడు రోజులు దాటుతోందా, గడ్డలు పడుతున్నాయా? అయితే ముందు గైనకాలజిస్టును కలవండి. ఫెర్రిటిన్ 8కి పడిపోవడానికి కారణం అదే అయితే, ఏ మాత్ర వేసుకున్నా మళ్లీ తగ్గిపోతుంది.