అమెరికాలో రాయితీ బాడుగ ఇంట్లో దిగేముందు

ప్రొద్దుటూరు

నాయనా బుజ్జీ,

నీకు వీసా వచ్చిందనీ, ఆగస్టులో టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ పోతున్నావనీ మీయమ్మ ఫోన్ చేసి చెప్పింది. జేజికి చెప్తే ఇంటింటికీ పోయి చక్కెర పంచింది. ఆ సంతోషంలోనే మీయమ్మ ఇంకో మాట అనేసింది. నువ్వూ, అనంతపురం జేఎన్టీయూలో నీతో చదివిన ఇద్దరూ కలిసి గవర్నమెంటు రాయితీ ఉన్న అపార్ట్‌మెంటులో దిగుతున్నారంట, బాడుగ చానా తక్కువంట, అక్కడున్న సీనియర్ ఎవరో చూసిపెట్టినాడంట. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. అక్కడి అట్లాంటి ఇండ్ల ఫైళ్లు ఇక్కడినుంచి తయారుచేయడమే నా పని అని నీకు తెలుసు గదా. అడ్వాన్సు పంపకముందే ఇది చదువు.

మీ ముగ్గురికీ ఆ ఇల్లు రాదు.

మీ సీనియర్ అబద్ధం చెప్పలేదు, సగం చెప్పినాడు. ఆదాయం తక్కువుండేవాళ్లకే ఆ ఇండ్లు ఇస్తారు, మీకు ఆదాయమే లేదు, కాబట్టి వస్తుందని లెక్క వేసినాడు. ఆదాయం రెండో గడప. మొదటి గడప వేరే ఉంది: ఇంట్లో ఉండేవాళ్లందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఆ ఇల్లు ఇవ్వకూడదు. అనంతపురంలో రూము అడిగితే ఓనరమ్మ ముందు 'ఫ్యామిలీనా, బ్యాచిలర్సా' అని అడిగేది చూడు, వాళ్లు 'ఫుల్‌టైమా' అని అడుగుతారు. కాకపోతే ఓనరమ్మను బతిమాలి ఒప్పించొచ్చు, ఇది చట్టం. 1986లో వచ్చిన పన్ను చట్టంలో సెక్షన్ 42. ఇల్లు కట్టినవాడికి పన్నులో రాయితీ ఇస్తారు, బదులుగా వాడు తక్కువ బాడుగకు ఇవ్వాల. ఆ ఇండ్లు కాలేజీ హాస్టళ్లుగా మారిపోతాయని ఈ షరతు పెట్టినారు. షరతు తప్పితే ఓనరుకు ఆ ఇంటి మీది పన్ను రాయితీ పోతుంది. రాష్ట్ర శాఖ తనిఖీ చేసి అక్కడి ఆదాయపు పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు రాస్తుంది. కాబట్టి ఆఫీసులో అమ్మాయి ఎంత మంచిదైనా నీకోసం కన్ను మూసుకోదు.

ఆ ఇండ్లను ప్రకటనల్లో 'ట్యాక్స్ క్రెడిట్' అనో, 'ఇన్‌కమ్ రిస్ట్రిక్టెడ్' అనో, '60 శాతం ఏఎంఐ' (ఆ ప్రాంతం మధ్యస్థ ఆదాయంలో 60 శాతం) అనో రాస్తారు. ఈ మాటలు కనపడితే ఫోన్ చేసి ఒకటే అడుగు: 'మేము ముగ్గురం ఫుల్‌టైమ్ విద్యార్థులం, అర్హత ఉందా?' అప్లికేషన్ ఫీజు కట్టకముందే అడుగు. అది మళ్లీ తిరిగి రాదు.

ఇప్పుడు ఫుల్‌టైమ్ అంటే ఏందో చూద్దాం. మనోళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ లెక్కలోనే. జనవరి నుంచి డిసెంబరు వరకు ఒక క్యాలెండర్ సంవత్సరంలో ఏవైనా ఐదు నెలల్లో ఫుల్‌టైమ్ ఉంటే, ఆ సంవత్సరమంతా నువ్వు ఫుల్‌టైమ్ విద్యార్థివే. నెలలు వరసగా ఉండాల్సిన పని లేదు. నెలలో ఒక్కరోజున్నా నెల కిందే లెక్క. ఆగస్టు చివర్లో క్లాసులు మొదలైనా ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్ కలిపి ఐదూ నిండినట్టే. సెప్టెంబర్‌లో చేరితే నాలుగే గదా అని ఎవడన్నా తెలివి చెప్తాడు, వినొద్దు. ఫారంలో ఈ సంవత్సరమూ, వచ్చే సంవత్సరమూ రెండూ అడుగుతారు. ఎన్ని క్రెడిట్లు ఫుల్‌టైమో తేల్చేది యూనివర్సిటీ. అపార్ట్‌మెంటు ఆఫీసు నేరుగా రిజిస్ట్రార్ ఆఫీసుకు కాయితం పంపి రాయించుకుంటుంది. నువ్వు ఏం రాసినావనేది అక్కడే బయటపడుతుంది.

'అయితే పార్ట్‌టైమ్ తీసుకుంటా' అని మాత్రం అనొద్దు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఫుల్‌టైమ్ చదవకపోతే వీసాకే ముప్పు. బాడుగ కోసం చదువును కదిలించే ఆలోచన నీ బుర్రలోకి రానీయొద్దు.

చదువు అయిపోయినాక కూడా ఈ లెక్క వెంటపడుతుంది. మే నెలలో పట్టా తీసుకున్నావనుకో, జనవరి నుంచి మే దాకా ఐదు నెలలు. ఓపీటీ (చదువు అయినాక పని చేసుకోనిచ్చే అనుమతి) మీద జూన్ నుంచి ఉద్యోగం చేస్తున్నా ఆ డిసెంబరు దాకా నువ్వు వాళ్ల లెక్కలో విద్యార్థివే. డిసెంబరులో పట్టా వస్తే జనవరి ఒకటి నుంచి దారి తెరుచుకుంటుంది. ఓపీటీ అయిపోయి రెండో మాస్టర్స్‌లో చేరి, సీపీటీ (చదువుతుండగానే పని చేసుకోనిచ్చే అనుమతి) మీద ఉద్యోగం చేసేవాళ్లు ఉంటారు చూడు, వాళ్లు నెలనెలా జీతం తీసుకుంటున్నా మళ్లీ ఫుల్‌టైమ్ విద్యార్థులే.

మినహాయింపులు ఐదున్నాయి. సంక్షేమ భత్యం తీసుకునేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగ శిక్షణలో ఉన్నవాళ్లు, ప్రభుత్వం వేరే ఇంట్లో పెట్టి పెంచే ఫోస్టర్ కేర్‌లో పెరిగినవాళ్లు (ఇది 2008లో కలిపినారు), పిల్లలతో ఒంటరిగా ఉండే తల్లి లేదా తండ్రి. ఈ నాలుగూ నీకు సంబంధం లేనివి. ఐదోది పెండ్లయినోళ్లది. నాకు భయం ఉండేది దీంతోనే. నువ్వు ఇంకా పెండ్లి మాట ఎత్తకపోయినా మీయమ్మ ఎత్తుతుంది, కాబట్టి ఇప్పుడే చెప్పి పెడతా.

మన జిల్లా పిల్లలే, ఊరు చెప్పను. మొగుడు ఎఫ్-1 మీద ఎమ్మెస్. పెండ్లాం ఎఫ్-2 మీద, అంటే విద్యార్థి భార్యకిచ్చే వీసా మీద, పోయింది. ట్యాక్స్ క్రెడిట్ ఇంట్లో ఒక బెడ్‌రూమ్ అడిగితే దొరికింది. అమ్మాయి చదవడం లేదు గదా, ఇంట్లో ఒక్కరు విద్యార్థి కాకపోయినా చాలు, ఇల్లు చెల్లుతుంది. బాగుంది. ఏడాది తిరిగేసరికి అమ్మాయికి కూడా చదువుకోవాలనిపించింది, అందులో తప్పు లేదు. ఎఫ్-1కు మార్పించుకొని ఆగస్టులో చేరింది. ఇంట్లో ఇద్దరూ ఫుల్‌టైమ్ అయిపోయినారు. లీజు కొత్తగా రాసేటప్పుడు స్టూడెంట్ ఫారం వచ్చింది, ప్రతి ఏడూ వస్తుంది. దాంట్లో 'పెండ్లయింది' అనే గడి కనపడగానే టిక్కు పెట్టి సంతకం చేసేసినారు. ఆ గడిలో ఇంకో ముక్క ఉంది: భార్యాభర్తలు కలిపి ఒకటే పన్ను రిటర్న్ వేయడానికి అర్హులై ఉండాల. ఎఫ్-1 మీద పోయినవాళ్లు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్లు. వాళ్లకు ఉమ్మడి రిటర్న్ కుదరదు, ఎవరికి వాళ్లు 1040-ఎన్ఆర్ అనే రిటర్న్ ఫారం వేయాల. ఆఫీసువాళ్లు రిటర్న్ చూపమన్నారు. చూపినవి రెండు, వేర్వేరువి. లీజు పొడిగించలేదు. సెమిస్టర్ మధ్యలో, పరీక్షలప్పుడు, సామాన్లు మూటగట్టుకొని ఇల్లు వెతుక్కున్నారు. దానికంటే, తప్పుడు గడిలో టిక్కు పెట్టి సంతకం చేసినామే అనే దిగులు వాళ్లను ఎక్కువ తినింది. ఆ ఫారం కింద, రాసింది అబద్ధమైతే శిక్షార్హమని ఉంటుంది. పరాయి దేశంలో ఉండేవాడు ఆ వాక్యం మీద వేలు పెట్టి చదవాల.

చూడు, వాళ్లు చేయాల్సింది ఎంత చిన్న పనో. ఆ అబ్బాయికి డిసెంబరులో పట్టా రావాల్సి ఉంది. ఆ అమ్మాయి ఆగస్టులో కాకుండా జనవరిలో చేరి ఉంటే, కొత్త సంవత్సరంలో అతను విద్యార్థి కాదు, ఆమె ఒక్కతే. ఇల్లు నిలబడేది. ఆదాయం విషయంలో అయితే ఇంత గట్టిగా పట్టరు. ఒకసారి అర్హతతో దిగినాక జీతం పెరిగిందని ఖాళీ చేయమనరు. విద్యార్థి లెక్క మాత్రం ఉన్నన్నాళ్లూ సరిపోవాల. వీసా మారినా, కోర్సు మారినా, ఇంట్లో మనిషి మారినా ముందు ఆఫీసుకు చెప్పి తర్వాత చేయి.

ఇర్వింగ్‌లో ఉద్యోగం చేసే మీ చిన్నాయన కొడుకును లీజులో పెడదామని మీ నాయన అన్నాడంట. వాడు విద్యార్థి కాదు కాబట్టి మొదటి గడప దాటుతారు, నిజమే. అప్పుడు రెండో గడపలో వాడి జీతం మొత్తం లెక్కలోకి వస్తుంది. ఆ ప్రాంతం మధ్యస్థ ఆదాయంలో మామూలుగా 60 శాతం, ఇంట్లో మనుషుల సంఖ్యను బట్టి, పరిమితి. సాఫ్ట్‌వేర్ జీతం దాన్ని దాటేదే ఎక్కువ. పైగా వాడు నిజంగా ఆ ఇంట్లో ఉండాల. పేరు ఒకచోట, మనిషి ఇంకోచోట అనే ఏర్పాటు మనకొద్దు. మీ నాయనకు నేను చెప్తాలే.

సెక్షన్ 8 అని ఇంకో పేరు వింటావు. అది వేరే పథకం, బాడుగలో కొంత గవర్నమెంటే కడుతుంది. అక్కడ పౌరులకూ, గ్రీన్ కార్డు లాంటివి ఉన్న కొందరికీ తప్ప ఇవ్వరు. ఎఫ్-1 వాళ్లకు అసలే లేదు. ట్యాక్స్ క్రెడిట్ ఇండ్లకు కేంద్ర చట్టంలో ఆ పౌరసత్వ షరతు లేదు. ఈ రెండిటినీ కలిపి మాట్లాడే సీనియర్ మాట నమ్మొద్దు. వాట్సాప్ గ్రూపుల్లో 'ఒక రూము ఖాళీ, బాడుగ తక్కువ, లీజు అక్కర్లేదు' అని వస్తుంటాయి. అది రాయితీ ఇల్లయితే ఆ అద్దెదారుకు నిన్ను పెట్టుకునే హక్కే ఉండదు. తెలిసిననాడు వాళ్లతోపాటు నువ్వూ బయటికే. లీజు కాపీలో నీ పేరు చూడకుండా పైసా ఇవ్వొద్దు.

మీ ముగ్గురికీ మామూలు అపార్ట్‌మెంటే మంచిది. క్యాంపస్‌కు నడిచిపోయే దూరంలో చూడండి. ఆర్లింగ్టన్‌లో మన ఆర్టీసీ లాగా గంటగంటకూ బస్సులుండవు. లీజులో ముగ్గురి పేర్లూ ఉంటే, ఒకడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినా మిగిలినవాళ్లు మొత్తం బాడుగ కట్టాల. దానికి ఇష్టం లేకపోతే మంచానికొక లీజు రాసే విద్యార్థి ఇండ్లున్నాయి, బాడుగ కొంచెం ఎక్కువే. కరెంటు బాడుగలో ఉందో లేదో అడుగు. లేకపోతే అక్కడ కంపెనీని మనమే ఎంచుకోవాల, సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్లను డిపాజిట్ అడగొచ్చు. అది చేతిలో పెట్టుకొని పో. ఆగస్టులో అక్కడి ఎండ మన కడప ఎండకు తీసిపోదు, ఏసీ నడుస్తుందో లేదో తాళాలు తీసుకునే రోజే చూసుకో.

డబ్బుకు ఇబ్బందై ఈ ఇల్లు ఎంచుకున్నావని నాకు తెలుసు. మీ నాయన తీసుకున్న లోను వడ్డీ నీ నెత్తిన తిరుగుతుంటుంది. మొదటి సెమిస్టర్‌కు బాడుగ తక్కువపడితే నన్నడుగు, మీయమ్మకు తెలియాల్సిన పనిలేదు. ఏ ఫారం అయినా సంతకం చేయకముందు ఫొటో తీసి నాకు పంపు. అక్కడ పగలైతే నాకు రాత్రి, అయినా పంపు, లేచి చూస్తా.

మీ పెద్దమ్మ