బిల్డింగ్ ఆకారం ఇంకా తేలకముందే ఎండ లెక్క ఆటోమేటిక్‌గా చేయొచ్చా?

చేయొచ్చు. అసలు చేయాల్సింది అప్పుడే. పిల్లర్లు, కిటికీలు ఖరారయ్యాక ఎండ ఎటు పడుతుందో తెలిసినా మార్చడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నేను రైనో అనే 3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాస్‌హాపర్ (కొలతలు మారిస్తే మోడల్ దానంతటదే మారేలా చేసే టూల్), దానికి తోడు ఎండ, వాతావరణం లెక్కలు కట్టే లేడీబగ్ ప్లగిన్ వాడతాను. ఊరి వాతావరణ ఫైల్ ఇస్తే, అందులోని అక్షాంశ రేఖాంశాలతో ఏడాదిలోని 8,760 గంటల్లో సూర్యుడు ఎప్పుడు ఎక్కడుంటాడో లెక్క కట్టేస్తుంది. గోడల్ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడి నుంచి సూర్యుడి వైపు గీత గీస్తుంది. మధ్యలో పక్క బిల్డింగ్ అడ్డొచ్చిందా, ఆ గంట నీడ కిందే లెక్క. ఎత్తు స్లైడర్ జరిపితే మళ్లీ అన్నీ అదే లెక్కేసుకుని రంగుల్లో చూపిస్తుంది.

కానీ గుడ్డిగా నమ్మకండి. హైదరాబాద్‌లో డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు సుమారు 49 డిగ్రీలు. అంటే 30 మీటర్ల బిల్డింగ్ నీడ ఉత్తరానికి దాదాపు 26 మీటర్లు పడాలి. అలా పడలేదంటే మోడల్‌లో ఉత్తర దిశ తప్పి ఉండొచ్చు. ఈ ఒక్క తప్పుతో నా రెండు రోజుల పని గంగపాలైంది.

జూన్ మధ్యాహ్నాల్లో సూర్యుడు మనకు కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. దక్షిణానికి మాత్రమే సన్‌షేడ్ గీసేవాళ్లు ఇది మర్చిపోతుంటారు. ఇక గోడల్ని విడగొట్టే గళ్ల సంగతి: మొదట్లో మీటరు గళ్లు చాలు, మరీ చిన్నవి పెడితే కంప్యూటర్ మొరాయిస్తుంది.