టెక్ సందేహాలు: యాంటీవైరస్ ఆపమని అడిగే టూల్ ఎవరికీ ఇవ్వొద్దు

ప్రశ్న: గురువు గారూ, మాది బొబ్బిలి. విజయనగరంలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా చేస్తన్నాను. రాత్రుళ్లు మా బొబ్బిలి కోట, 1757 యుద్ధం మీద పిక్సెల్ ఆర్ట్ గేమ్ ఒకటి చేసుకుంటన్నాను. దానికోసం స్ప్రైట్ షీట్‌ని (గేమ్ బొమ్మలన్నీ ఒకే ఇమేజ్‌లో ఉండే షీట్) ముక్కలు చేసి రంగులు మార్చే చిన్న టూల్ పైథాన్‌లో రాశాను. ఈఎక్స్‌ఈ (నేరుగా నొక్కి నడిపే ఫైల్) చేసి శ్రీకాకుళంలో ఫ్రెండ్స్‌కి పంపితే యాంటీవైరస్ వెంటనే డిలీట్ చేసీస్తంది. టూల్‌తో పాటు పంపే రీడ్‌మీ నోట్‌లో "యాంటీవైరస్ ఆఫ్ చేసి రన్ చేయండి" అని కూడా రాసీసాను, అయినా కొందరు భయపడతన్నారు. ఏటి చెయ్యమంటారు? ఇంకోటి, గేమ్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తన్నాయి.

జవాబు: ముందు ఆ రీడ్‌మీ తెరిచి ఆ లైన్ తీసెయ్ తమ్ముడూ. భయపడుతున్న నీ ఫ్రెండ్స్ కరెక్ట్‌గానే ఉన్నారు, ధైర్యంగా ఆఫ్ చేసినవాళ్ల గురించే నా బెంగంతా.

ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంది. గేమ్‌కి మోడ్ (అదనపు మార్పులు) చేసినవాళ్లు, సేవ్ ఫైల్ ఎడిటర్ రాసినవాళ్లు, బ్రష్ ప్యాక్‌కి ఇన్‌స్టాలర్ తగిలించినవాళ్లు, అందరూ కింద ఇదే ముక్క రాస్తారు. మీరు మంచోళ్లే, మీ కోడ్‌లో దొంగతనం లేదు, ఒప్పుకుంటాను. కానీ వందమంది మంచోళ్లు ఆ మాట చెప్పి చెప్పి మన పిల్లలకి అది మామూలు విషయం అని అలవాటు చేసేశారు, ఇప్పుడు దొంగ కూడా అదే మాట చెప్తే ఎవరికీ అనుమానం రావట్లేదు.

నీ ఫైల్ ఎందుకు పట్టుబడుతోందంటే, పైథాన్ ప్రోగ్రామ్‌ని ఒకే ఈఎక్స్‌ఈగా కట్టే టూల్ ప్రతి ఫైల్ ముందూ దాన్ని మొదలుపెట్టే ఒక రెడీమేడ్ లోడర్ పెడుతుంది, పైథాన్‌లో వైరస్‌లు రాసేవాళ్లూ అదే లోడర్ వాడతారు. పైగా సింగిల్ ఫైల్ అయితే రన్ చేసిన ప్రతిసారీ టెంప్ ఫోల్డర్‌లోకి అంతా విప్పుకుని అక్కడినుంచి నడుస్తుంది, చాలా వైరస్‌ల పద్ధతీ అదే. యాంటీవైరస్‌కి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సింగిల్ ఫైల్ మానేసి ఫోల్డర్‌గా బిల్డ్ చెయ్, సైజు తగ్గించే కంప్రెషన్ తీసెయ్, లోడర్‌ని నీ మెషీన్ మీదే కంపైల్ చేసుకో, చాలావరకు గొడవ తగ్గుతుంది. అప్పటికీ పట్టుకుంటే ఆ యాంటీవైరస్ కంపెనీకే ఫైల్ పంపు, వాళ్లు చూసి తప్పుడు అలారం అని తేల్చుకుంటారు. ఫైల్ ఎవరు చేశారో రుజువు చేసే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కొనమని మాత్రం నీకు చెప్పను, 2023 జూన్ నుంచి దాని రహస్య కీ హార్డ్‌వేర్‌లోనే ఉండాలన్న రూల్ కూడా వచ్చింది, ఫ్లెక్సీ షాపు జీతం మీద అది బరువు.

అసలు నన్నడిగితే ఈ టూల్‌కి ఈఎక్స్‌ఈ ఎందుకు? బొమ్మని ముక్కలు చెయ్యడం, రంగు మార్చడం రెండూ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ కాన్వాస్ మీద సుఖంగా అయిపోతాయి. ఇన్‌స్టాల్ లేదు, బొమ్మ ఎవరి సర్వర్‌కీ వెళ్లక్కర్లేదు. పెద్దది చేసి చూపించేటప్పుడు స్మూతింగ్ ఆపడం ఒక్కటి మర్చిపోకు, లేకపోతే నువ్వు కష్టపడి పెట్టిన కోట బురుజు అంచులన్నీ పొగమంచులా అలుక్కుపోతాయి.

ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని సంగతి. ఎవడో గేమింగ్ చాట్‌లో మెసేజ్ పెడతాడు, "బ్రో, నా మొదటి గేమ్, కాస్త టెస్ట్ చేసి చెప్పవా" అని. లేదా డిజైనర్లకైతే "ఆర్ట్ వర్క్ కావాలి, రిఫరెన్స్ జిప్‌లో ఉంది" అంటాడు. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టి ఆ పాస్‌వర్డ్ చాట్‌లో ఇస్తాడు, ఎందుకంటే తాళం వేసిన జిప్ లోపల యాంటీవైరస్ చూడలేదు. విప్పి రన్ చేస్తే స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ వస్తుంది, మనం పోనీలే అనుకుంటాం. ఈలోపు బ్రౌజర్‌లో ఉన్న కుకీలన్నీ వెళ్లిపోతాయి. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అడగదు, ఎందుకంటే కుకీ అంటేనే "ఇతను ముందే లాగిన్ అయ్యాడు" అన్న చీటీ. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ మోడ్స్‌లో ఇలాంటిదే పాకింది, మోడ్ చేసేవాళ్ల అకౌంట్లే కొట్టేసి వాళ్ల పేరు మీదే వైరస్ ఉన్న ఫైల్స్ పెట్టారు. అంటే తెలిసినవాడి పేరు మీద వచ్చింది కదా అన్న ధైర్యం కూడా పనికిరాదు.

నువ్వు షాపు కంప్యూటర్ మీద పనిచేస్తావు కదా. సిరిమాను పండగ ముందు ఆ సిస్టమ్‌లో ఎన్ని పెన్‌డ్రైవ్‌లు దిగుతాయో, ఓనర్ గారి మెయిల్, పేమెంట్ అకౌంట్లు అన్నీ అందులోనే తెరిచి ఉంటాయో నీకు తెలుసు. అక్కడ ఒక్కసారి యాంటీవైరస్ ఆఫ్ చేస్తే పోయేది నీ ఒక్కడిది కాదు. ఎవరైనా ఇప్పటికే అలాంటిది రన్ చేసి ఉంటే ముందు నెట్ తీసెయ్యాలి. ఆ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మార్చితే కొత్తది కూడా దొంగకే చేరుతుంది, వేరే ఫోన్ నుంచి అన్ని డివైజ్‌లలో లాగౌట్ కొట్టి ఆ తర్వాత మార్చాలి. సిస్టమ్ ఫార్మాట్ చెయ్యాలి. డబ్బు కదిలితే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.

ఇందులో విండోస్ చేసేవాళ్ల పాపం కూడా ఉంది, అది చెప్పకుండా ఉండలేను. ఫైల్ పేరు చివర అది ఏ రకం ఫైలో చెప్పే ఎక్స్‌టెన్షన్ దాచేసి అమ్మడం ఏం డిజైన్ అసలు? కోట బొమ్మ అని పేరు, పక్కనే పీఎన్‌జీ, దాని వెనక ఎస్‌సీఆర్ (స్క్రీన్‌సేవర్, అదీ ప్రోగ్రామే) అని ఉంటే చివరిది కనపడదు, ఐకాన్ బొమ్మలా ఉంటుంది, నొక్కితే ప్రోగ్రామ్ నడుస్తుంది. చూడ్డానికి నీట్‌గా ఉండాలని మనిషికి తెలియాల్సింది దాచేశారు, ఎన్నేళ్లైనా మార్చరు, ప్రతి అప్‌డేట్‌లో మెనూ మూలలు గుండ్రంగా చెయ్యడానికి మాత్రం టైమ్ ఉంటుంది. సెట్టింగ్స్‌లోకెళ్లి ఎక్స్‌టెన్షన్స్ కనిపించేలా పెట్టుకో, నీ ఫ్రెండ్స్ చేత కూడా పెట్టించు.

ఒత్తుల సంగతి, నువ్వు వాడేది గేమ్‌లు తయారుచేసే గోడో ఇంజిన్ పాత 3 వెర్షన్ అయితే దానికి తెలుగు అక్షరాలు కలపడం రాదు. 2023 మార్చిలో వచ్చిన 4.0 నుంచి వచ్చు, అందులోకి మారు. షాపులో వాడే పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కావు, వాటిని గేమ్‌లోకి తేకు. గురజాడ, రామభద్ర, మండలి ఓపెన్ లైసెన్స్ ఫాంట్లు, గేమ్‌తో కలిపి పంచుకోవచ్చు, లైసెన్స్ ఫైల్ కూడా అదే ఫోల్డర్‌లో ఉంచు. డైలాగ్ బాక్స్ ఎత్తు మాత్రం ఇంగ్లీష్‌కి పెట్టినంత పెడితే కింది ఒత్తులు కోసుకుపోతాయి, కాస్త పెంచు.