చేపలు చావలేదంటే నీరు మంచిదేనా?

ప్రశ్న: శుద్ధి చేసిన మురుగునీరు కలిసే నదుల్లో చేపలు చచ్చి తేలడం లేదు. అయినా ఆ నీటిలోని హార్మోన్ల వల్ల అంతరించిపోతున్న చేపలకు ముప్పు ఉందని చదివాను. లీటరుకు నానోగ్రాముల్లో ఉండే పదార్థం ఒక జాతిని నిజంగా దెబ్బతీయగలదా?

జవాబు: తీయగలదు. కెనడాలోని ఆంటారియోలో పరిశోధనల కోసమే కేటాయించిన సరస్సుల్లో 260వ నంబరు సరస్సు ఉంది. గర్భనిరోధక మాత్రల్లో వాడే ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే కృత్రిమ హార్మోన్‌ను శాస్త్రజ్ఞులు 2001 నుంచి 2003 దాకా మూడు వేసవుల్లో అందులో కలిపి, నీటిలో దాని మోతాదు లీటరుకు 5, 6 నానోగ్రాములు ఉండేట్లు చూశారు. అంటే సుమారు 20 కోట్ల లీటర్ల నీటికి ఒక్క గ్రాము. అంతమాత్రానికే అక్కడి ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపల సంతతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చేపలు విషం తగిలి చావలేదు. ఏటా పుట్టవలసిన పిల్లలు పుట్టలేదు.

ఇంత స్వల్ప మోతాదు ఎలా పనిచేస్తుందనే సందేహం సహజం. హార్మోన్లు శరీరంలో పనిచేసేదే అంత స్వల్ప మోతాదుల్లో. గుడ్డు సొనకు ముడిసరుకైన విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్ ఆడచేప కాలేయంలో తయారవుతుంది. దాని జన్యువు మగచేపలోనూ ఉంటుంది గాని, ఈస్ట్రోజెన్ (ఇథినైల్ ఈస్ట్రడయాల్ వంటి ఆడ హార్మోన్) ఆదేశం అందక ఊరకుంటుంది. మొప్పల గుండా ఆ ఆదేశం బయటి నీటి నుంచే అందితే, మగచేప కాలేయం తనకు అక్కరలేని సొన ప్రోటీన్‌ను తయారు చేయడం మొదలుపెడుతుంది. పెద్ద చేపలో ఈ మార్పు చాలావరకు తాత్కాలికమే. అయితే పిల్ల దశలో, లింగం నిర్ధారణయ్యే రోజుల్లో ఈ కలుషితాలు తగిలితే వృషణంలోనే గుడ్డు కణాలు ఏర్పడి, ఆ లోపం జీవితాంతం మిగిలిపోవచ్చు. బ్రిటన్ నదుల్లోని రోచ్ చేపల్లో ఇటువంటి మిశ్రమ లింగ లక్షణాలు విస్తృతంగా ఉన్నాయని 1998లో ప్రచురితమైన అధ్యయనం చూపింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అదే రోచ్ చేపలు, మగవాటిలో ఆడ లక్షణాలు కనిపించే నదుల్లో సైతం తమ సంతతిని తామే నిలుపుకుంటున్నాయని 2014లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. కనుక మగచేపలో గుడ్డు కణం కనబడగానే జాతి అంతరిస్తుందని రాసే వార్తలను నేను నమ్మను. కాని రోచ్ సమృద్ధిగా ఉన్న చేప. కొన్ని మగచేపలు నిష్ఫలమైనా మిగిలినవి ఆ లోటు పూడ్చగలవు. అంతరించే దశలో ఉన్న జాతికి ఆ మిగులు ఉండదు. యాంగ్‌ట్సీ నదికి చేరే చైనా స్టర్జన్‌నే చూడండి. 1981లో గెజౌబా ఆనకట్ట దాని దారి మూసివేయడంతో గుడ్లు పెట్టే తావులు కుంచించుకుపోయాయి. ఆపైన ట్రైఫినైల్‌టిన్ అనే కలుషితం తల్లి నుంచి గుడ్లలోకి చేరుతోందని, పిల్లల్లోని అవయవ లోపాలకు దానితో సంబంధం ఉందని 2009లో వెల్లడైంది. ఈ చేప ఈడుకు రావడానికే చాలా ఏళ్లు పడుతుంది. మిన్నో వంటి అల్పాయుష్కు చేపలో నష్టం రెండు మూడేళ్లలో బయటపడితే, స్టర్జన్ వంటి దీర్ఘాయుష్కు చేపలో ముసలి చేపలు వలకు పడుతూనే ఉండడం వల్ల పిల్లలు లేరన్న సంగతి ఎంతో ఆలస్యంగా గాని తెలియదు.

ప్రశ్న: అటువంటి జాతిలో ఈ నష్టాన్ని ఎలా కనిపెడతారు? చేపను కోసి చూడాలి కదా?

జవాబు: వృషణ కణజాలాన్ని పూర్తిగా పరీక్షించాలంటే సాధారణంగా చేపను చంపవలసిందే, పట్టుమని పది చేపలు లేని చోట అది తగని పని. అందుకే రక్తం కొద్దిగా తీసి విటెల్లోజెనిన్ కొలుస్తారు, లేదా దగ్గరి బంధువైన మరో జాతిని పరీక్షిస్తారు. అమెరికాలో ముప్పులో ఉన్న పాలిడ్ స్టర్జన్ విషయంలో షోవెల్‌నోస్ స్టర్జన్‌ను ఇలాగే వాడారు. బంధువుకు జరిగిందే దీనికీ జరుగుతుందన్నది ఊహే తప్ప రుజువు కాదు.

ప్రశ్న: గర్భనిరోధక మాత్రలు మానేస్తే సమస్య తీరదా?

జవాబు: తీరదు. మనుషులూ పశువులూ సహజంగా విసర్జించే ఈస్ట్రోజెన్లు, కొన్ని డిటర్జెంట్ల నుంచి ఏర్పడే నోనైల్‌ఫినాల్ కూడా ఇదే పని చేస్తాయి. విడివిడిగా ఏ ప్రభావమూ చూపని మోతాదుల్లో ఉన్న పదార్థాలు కలిసినప్పుడు ప్రభావం చూపగలవు కాబట్టి, ఒక్కదాన్ని పట్టుకుని నిందించడం కంటే మురుగునీటి శుద్ధిని మెరుగుపరచడమే సరైన దారి అని నా అభిప్రాయం. అమెరికాలోని బౌల్డర్ నగరం 2008లో తన శుద్ధి కేంద్రాన్ని ఆధునికీకరించాక అక్కడి నీటిలో ఈస్ట్రోజెన్ ప్రభావం బాగా తగ్గింది. సూక్ష్మ కలుషితాల తొలగింపునకు స్విట్జర్లాండ్ 2016 నుంచి చట్టమే అమలు చేస్తోంది. అక్కడ ఓజోన్‌ను, ఉత్తేజిత కర్బనాన్ని వాడతారు. 260వ నంబరు సరస్సులో సైతం హార్మోన్ కలపడం మానేశాక కొన్నేళ్లకు మిన్నోలు మళ్లీ పెరిగాయి, పెరగడానికి కొన్ని చేపలు మిగిలి ఉన్నాయి కాబట్టి.