చీనీ (బత్తాయి) తోటకు చిన్న ట్రాక్టర్: అల్లుడికి మామ రాసిన లేఖ

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. నువ్వు అనంతపురం షోరూంకు పోయొచ్చావని, ఎల్లుండి అడ్వాన్స్ కడతానంటున్నావని రాత్రి అక్క ఫోన్ చేసి చెప్పింది. ఫోన్లో చెబితే నువ్వు సగం వింటావు, మిగతా సగానికి ఊ కొడతావు. అందుకే రాస్తున్నా. వద్దని ఆపడానికి కాదు. పదిహేను హెచ్‌పీ బండి కొని, ఆరేళ్లు నడిపి, చివరికి అమ్ముకున్నవాణ్ణి నేను. చిన్న ట్రాక్టర్ ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూశాను.

నీకు దాని మీద మనసు ఎందుకు పోయిందో తెలుసు. ఆరెకరాల చీనీ, ఇరవై అడుగుల సాళ్లు. చెట్లకు ఎనిమిదేళ్లు దాటాయి. రెండు వైపుల నుంచీ కొమ్మలొచ్చి మధ్యలో ఆరడుగుల సందు మిగలడమే గగనం. బాడుగకు వచ్చే నలభై ఐదు హెచ్‌పీ బండి వెడల్పే దాదాపు ఆరడుగులు. లోపలికి పోయిందంటే మడ్‌గార్డు తగిలి కాయ రాలుతుంది, నిటారుగా ఉండే సైలెన్సర్‌కు కొమ్మలు కమిలిపోతాయి. డ్రైవర్ది గంటల లెక్క, నీ కాయతో ఆయనకేం పని? నాలుగడుగుల బండి సొంతంగా ఉంటే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇప్పుడు కాగితం తీసుకో. ఏడాదికి నాలుగు సేద్యాలు, ఎకరాకు గంటన్నర చొప్పున 36 గంటలు. ఏడుసార్లు మందు కొట్టడం, ఎకరాకు అరగంట చొప్పున 21 గంటలు. దిబ్బెరువు తోలడం, పుల్లా పుడకా మోయడం అన్నీ కలిపి ఇంకో 30 వేసుకో. తొంభై గంటలు కూడా కాలేదు. మీ ఊళ్లో బాడుగ గంటకు వెయ్యి. అంటే ఏడాదికి తొంభై వేల లోపే.

సొంత బండి లెక్క చూడు. రోటావేటర్‌తో, అదే తిరిగే కత్తులతో నేల దున్నే పనిముట్టుతో, కలిపి ఏడు లక్షలు అన్నావు. మొదటి ఏడాది వడ్డీ, బండికి తగ్గే విలువ, ఇన్సూరెన్స్, సర్వీసు కలిపితే అది షెడ్డులో కదలకుండా నిలబడినా లక్షా నలభై ఐదు వేలకు తక్కువ కాదు. నడిపితే గంటకు రెండున్నర లీటర్ల డీజిల్, అంటే ఓ 250 రూపాయలు. బాడుగ వెయ్యిలో అది పోగా గంటకు నీకు మిగిలేది 750. లక్షా నలభై ఐదు వేలను 750తో భాగించు. 193 వస్తుంది. రెండు వందల గంటలు తిరిగితేనే బాడుగకూ సొంతానికీ సమానం. నీ దగ్గర ఉన్న పని అందులో సగం కూడా లేదు. పక్క తోటలకు బాడుగకు తోలతానంటావేమో. తోలొచ్చు. అప్పుడు తెల్లారి ఐదింటికి వేరేవాళ్ల గట్టు మీద ఉంటావు, నీ తోటలో డ్రిప్పు ఎవరు చూస్తారు? బెంగళూరు ఉద్యోగం మానుకుని వచ్చింది డ్రైవర్ పనికి కాదు కదా.

అయితే డబ్బుల లెక్కకు అందనిది ఒకటుంది, పదును, అంటే నేల దున్నడానికి సరిపోయే తేమ. తోటకు డ్రిప్పు ఉంది కాబట్టి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఆ రెండెకరాల శనక్కాయ చేను అలా కాదు. వాన పడ్డాక మన ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులు ఉంటే గొప్ప. ఆ మూడు రోజులే ఊరంతటికీ ట్రాక్టర్ కావాలి. పోయినసారి నీకు ఐదో రోజున దొరికిందని బావ అన్నాడు. ఏడాదిలో ఇలా ఎన్నిసార్లు జరిగింది, ఏమి నష్టం వచ్చింది? నీకు గుర్తుండదు. నోటుబుక్కులో తేదీ, పని, ఎన్ని గంటలు, ఎన్ని రోజులు ఆలస్యం, ఈ నాలుగూ రాయి. ఒక్క ఏడాది చాలు.

సొంత బండి వస్తే ఇంకో జబ్బు వస్తుంది. ఊరికే ఉండబుద్ధి కాదు. గడ్డి కనబడితే రోటావేటర్, కనబడకపోయినా రోటావేటర్. నేను అలాగే దున్నేశాను. చీనీకి తిండి తెచ్చే పీచువేర్లు పైపైనే ఉంటాయి. అవి తెగిన చోట ఎండుతెగులు లోపలికి పోవడానికి దారి దొరుకుతుంది. రెండేళ్లలో మూడు వరసలు పసుపు తిరిగాయి. పైగా ఎప్పుడూ అదే లోతులో దున్నడం వల్ల కింద నేల బండకట్టింది. ఒకసారి డ్రిప్పు పైపు పక్కకు జరపడం మరిచి తోలేశాను. అది రోటావేటర్ కత్తులకు చుట్టుకుని, చుట్టుకుని, నల్లటి తాడు బంతిలా తయారైంది. ఇంజన్ ఆపి, మోకాళ్ల మీద కూర్చుని కొడవలితో కోస్తూ ఉంటే రెండు గంటలు పట్టింది. మీ అత్త ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. చెట్ల కింద గడ్డికైతే పవర్ వీడరో, కొడవలో చాలు.

ట్రాలీ సంగతి మాత్రం నవ్వులాట కాదు. చిన్న బండి తేలిక. నాది ఎనిమిది వందల కిలోలు కూడా లేదు. ఒకరోజు ట్రాలీ నిండా పచ్చి దిబ్బెరువు వేసుకుని చెరువు కట్ట ఎక్కుతున్నా. సగం ఎక్కేసరికి ముందు చక్రాలు జానెడు లేచాయి, స్టీరింగ్ తిప్పినా తిరగలేదు. క్లచ్ తొక్కాను. చక్రాలు కిందికి దిగాయి గానీ బరువుకు బండి వెనక్కి జారింది. ట్రాలీ అడ్డం తిరిగి కానుగ చెట్టుకు ఆనుకుంది కాబట్టి ఈ లేఖ రాస్తున్నా. తప్పు బండిది కాదు, నాదే. కొంటే అరలోడుకు మించి గట్టు ఎక్కించకు. ట్రాలీని కొక్కెం దగ్గర తప్ప పైన ఎక్కడా తగిలించకు. గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం వాళ్ల యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. కొనకముందే అక్కడికి పోయి నేర్చుకో. పక్కనే పెట్టుకుని నేను పోలేదు.

ఇంత విన్నాక కూడా కొంటానంటే, పదిహేను హెచ్‌పీ వద్దు. మందు కొట్టే పెద్ద మిషన్ పెట్టాలంటే అది చాలదు. ఇరవై నాలుగు హెచ్‌పీ, నాలుగు చక్రాలకూ పవర్ వచ్చేది చూడు. మహీంద్రా జీవో 245, కుబోటా బి2441 రెండూ ఆ లెక్కలోవే. మొదటిది రెండు సిలిండర్లు, రెండోది మూడు. ఏది మంచిదని నన్నడగకు. ఏ కంపెనీ మెకానిక్ మీ ఊరికి గంటలో వస్తాడో కనుక్కో. షోరూంలో చెప్పేది ఇంజన్ హెచ్‌పీ, రోటావేటర్‌ను తిప్పేది పీటీవో, అంటే బండి వెనక పనిముట్లను తిప్పే ఇరుసు, దగ్గర వచ్చే హెచ్‌పీ. అది ఎప్పుడూ తక్కువే, ఎంతో అడుగు. ఒక గంట బండిని నీ తోటలోకి తెచ్చి తిప్పి చూపించమను. తేనంటే అడ్వాన్స్ మాటే వద్దు.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. పాత బండి చూడబోతే అమ్మేవాడు అంతకుముందు కట్టిన ధర చెబుతాడు, నువ్వు ఇప్పటి షోరూం ధర నుంచి బేరం మొదలుపెట్టు. సబ్సిడీ మాట డీలర్ చెబితే నమ్మకు, రైతు సేవా కేంద్రంలో నువ్వే అడుగు. చేతికి వచ్చేదాకా లెక్కలో వెయ్యకు. మీ చిన్నాన్నతో కలిసి ఉమ్మడిగా కొనే ఆలోచన ఉంటే మానుకో. పదును ఇద్దరి చేలకూ ఒకేరోజు వస్తుంది.

నా మాట ఈ ఏడాదికి కొనొద్దనే. ఆదివారం పొద్దున టేపు తీసుకుని వస్తా. పది సాళ్లలో సందు కొలుద్దాం, నోటుబుక్కులో మొదటి పేజీ నేనే గీసిస్తా. ఉగ్గాని, బజ్జీలు చెయ్యమని అక్కతో చెప్పు.

మీ మామ